కనబడని సోకు, కనబడే నింద



ఈ స్మారకోపన్యాసానికి ఎవరి పేరూ లేదు. తన పేరు ఏ ఫలకం మీదా చెక్కించవద్దని, ఏటా ఒక సాయంత్రం చర్మ, సుఖవ్యాధుల గురించి ఎవరైనా జనానికి అర్థమయ్యే తెలుగులో మాట్లాడితే అదే చాలని ఆచార్యులవారు చెప్పి వెళ్లారు. ఆ మాట మన్నించి నిర్వాహకులు ఆహ్వానపత్రం మీద 'గురు స్మారకోపన్యాసం' అని మాత్రమే అచ్చు వేయించారు. నేను కూడా ఆయన్ను ఆచార్యులవారనే పిలుస్తాను. ఆయన దగ్గర పని నేర్చుకున్నవారిలో నేనొకణ్ణి మాత్రమే. ఈ గౌరవానికి నాకన్నా అర్హులు ఈ సభలోనే ఉన్నారు.

ఒంటి మీద ఏ గుర్తూ లేనప్పుడు కూడా హెర్పిస్ ఒక భాగస్వామి నుంచి మరొకరికి ఎలా సోకుతుందన్నది ఈనాటి విషయం. జననాంగాల హెర్పిస్‌ను వైద్యగ్రంథంలో వర్ణించిన నాటి నుంచి ఈ సంగతిని రూఢి చేసుకోవడానికి శాస్త్రానికి సుమారు 250 ఏళ్లు పట్టింది. శాస్త్రం తెలుసుకుంది గానీ, ఆ తెలివి మన ఇళ్లకు, పెద్దమనుషుల పంచాయితీలకు, చట్టాలకు ఇంకా చేరలేదు. మన ఆసుపత్రులకైనా సగమే చేరింది. చేరనందువల్ల తప్పు చేయనివారి మీద నింద పడుతోంది. పుండును చూసి శీలాన్ని తేల్చే అలవాటుకు వైద్యంలో ఏ ఆధారమూ లేదు. నేను చెప్పదలచింది ఈ ఒక్క మాటే.

ముప్పయ్యేళ్ల కిందటి సంగతి. నేనప్పుడు పీజీ చేస్తున్నాను. ఒక ఉదయం ఓపీకి పాతికేళ్ల యువతి వచ్చింది. ఆమె పేరు, ఊరు చెప్పను. భర్త దుబాయ్‌లో మూడేళ్లు పనిచేసి రెండు నెలల కిందటే తిరిగొచ్చాడు. ఆమెకు జననాంగాల దగ్గర ఐదారు నీటి పొక్కులు లేచి, చితికి పుండ్లయ్యాయి. మంట భరించలేక, మూత్రానికి వెళ్లాలంటే భయపడి, రెండు రోజులుగా నీళ్లు తాగడం మానేసింది. వెంట భర్త, అత్తగారు వచ్చారు. వరండాలో ఇద్దరు కులపెద్దలు నిలబడ్డారు. భర్తను పరీక్షిస్తే ఒంటి మీద చిన్న మచ్చ కూడా లేదు. ఆ మాట బయటికి పొక్కిన మరుక్షణం వరండాలో తీర్పు సిద్ధమైపోయింది. అతనికి లేదు, ఆమెకు ఉంది. అతను ఊళ్లో లేని మూడేళ్లూ ఆమె ఒక్కతే ఉంది. ఇక విచారించడానికి ఏముంది?

ఆచార్యులవారి గదిలో రోగికి అప్పటిదాకా ఒకటే కుర్చీ ఉండేది. అందులో ఆమె కూర్చుని ఉంది. మిగతా అందరూ ఆమె వెనక నిలబడి ఉన్నారు. ఆయన అటెండరును పిలిచి రెండో కుర్చీ తెప్పించి, భర్తను ఆమె పక్కనే కూర్చోబెట్టారు. అత్తగారికి బల్ల చూపించారు.

"సార్, ఒక్క ముక్క చెప్పండి చాలు. ఇది ఎవరి నుంచి వచ్చింది?" అన్నాడు భర్త.

"తెలియదు నాయనా. ఇది మొన్న సోకినది కావచ్చు, పదేళ్ల కిందట సోకి ఇవాళ బయటపడింది కావచ్చు. నాకే కాదు, ఏ పరీక్షకూ తెలియదు" అన్నారు ఆచార్యులవారు. తర్వాత అత్తగారి వైపు తిరిగి, "అమ్మా, మీ అబ్బాయికి చిన్నప్పుడు జ్వరం వస్తే మూతి పేలేదా?" అని అడిగారు.

"పేలకేం బాబూ. ఎండాకాలం వచ్చిందంటే చాలు, వేడి చేసి మూతంతా పేలేది."

"ఆ పేలడమూ ఈ పుండూ ఒక ఇంటి అన్నదమ్ములమ్మా. అది ఇదే అయినా కావచ్చు, కాకపోనూ వచ్చు. మీ అబ్బాయికి ఇవాళ పుండు లేనంత మాత్రాన అతనిలో జబ్బు లేదని చెప్పలేం. ఈ అమ్మాయికి పుండు ఉన్నంత మాత్రాన ఈమె తప్పు చేసిందనీ చెప్పలేం."

అంతటితో ఆగలేదు. ఓపీ చీటీ వెనక, ఈ జబ్బు ఎప్పుడు, ఎవరి నుంచి సోకిందో వైద్యపరంగా నిర్ధారించడం సాధ్యం కాదని తెలుగులో రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేశారు. ఆమె ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడి వేసుకుంది. మందుల చీటీని మాత్రం భర్త చేతికిచ్చింది. రెండింటిలో ఆమెకు ఏది ముఖ్యమో ఆనాడు నాకు అర్థమైంది.

'హెర్పిస్' గ్రీకు మాట. దాని మూలానికి పాకడం అని అర్థం. చర్మం మీద పాకే రకరకాల పుండ్లను హిప్పోక్రటీస్ సంప్రదాయపు వైద్యులు ఆ పేరుతో పిలిచారు. ఆ గ్రీకు ధాతువూ, సంస్కృతంలోని 'సృప్' ధాతువూ ఒకే తల్లి బిడ్డలు. సర్పం అందులోంచే వచ్చింది. ఆయుర్వేదంలోని విసర్పమూ అందులోంచే వచ్చింది. మన పల్లెల్లో నడుము చుట్టూ పొక్కులు లేస్తే 'సర్పి' అన్నారు. తెలంగాణలో 'అక్కి' అని, కుమ్మరి చేత జాజుతో బొమ్మలు గీయించారు. సర్పికి, అక్కికి కారణమైన వైరస్ వేరు. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చి, ఏళ్ల తరబడి నరాల్లో దాగి, పెద్దయ్యాక అక్కిగా లేచేది అది. అదీ హెర్పిస్ కుటుంబంలోదే గానీ, ఇవాళ్టి మన విషయం దాని దాయాది అయిన హెర్పిస్ సింప్లెక్స్. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది ఎక్కువగా మూతి దగ్గర, రెండోది ఎక్కువగా నడుము కింది భాగంలో కాపురముంటాయి. అయితే ఆ సరిహద్దు గట్టిది కాదు. నోటితో జరిగే లైంగిక స్పర్శ వల్ల మొదటి రకం జననాంగాలకూ చేరుతుంది. ఆచార్యులవారు అత్తగారిని మూతి పేలడం గురించి అడిగింది అందుకే.

పాకడం అనే పేరు పెట్టిన పూర్వులు చర్మం మీది పాకుడునే చూశారు. అసలు పాకుడు చర్మం అడుగున, నరం వెంబడి జరుగుతుందని తెలియడానికి 20వ శతాబ్దం రావలసి వచ్చింది.

ఫ్రెంచి వైద్యుడు జాఁ అస్త్రుక్ 1736లో సుఖవ్యాధుల మీద లాటిన్‌లో రాసిన గ్రంథంలో జననాంగాల హెర్పిస్‌ను వర్ణించాడు. 19వ శతాబ్దంలో హాంబర్గ్‌లో ఉన్నా అనే వైద్యుడు, ఫ్రాన్స్‌లో డిడే, డోయాఁ దీన్ని మరింత శ్రద్ధగా గమనించారు. పుండ్లు మానిపోయి, మళ్లీ అదే చోట లేస్తున్నాయని రాశారు. వారి పరిశీలన నిశితమైనదే. కానీ ఆ కాలపు వైద్యులకు ఈ జబ్బు కనిపించిన చోటు ఏది? పోలీసు పట్టీలో పేర్లున్న స్త్రీలను పరీక్షించే ఆసుపత్రులు. అక్కడ వెతికితే అక్కడే దొరికింది. ఇది ఫలానా స్త్రీల జబ్బు అన్న భావం వైద్యగ్రంథాల్లోకి అలా ఎక్కింది.

ఆ చూపు మన గడ్డ మీదికీ వచ్చింది. 1868లో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ కంటోన్మెంట్లలో లాక్ హాస్పిటళ్లు అనే సుఖవ్యాధుల ఆసుపత్రులు నడిచాయి. వృత్తి చేసే స్త్రీల పేర్లు రాసుకుని, గడువు ప్రకారం పరీక్షించి, పుండు కనిపిస్తే ఆసుపత్రిలో నిర్బంధించేవారు, కనిపించకపోతే వదిలేసేవారు. సైనికుడి జోలికి ఆ చట్టం పోలేదు. ఇంగ్లండ్‌లో ఇలాంటి చట్టాలు జోసఫిన్ బట్లర్ వంటివారి పోరాటం వల్ల 1886లో రద్దయ్యాయి. ఇక్కడ 1888లో పోయాయి. ఆ చట్టాల దుర్మార్గం గురించి చరిత్రకారులు చాలా రాశారు. వైద్యుడిగా నేను చేర్చేది ఒక్కటే. ఆ చట్టం అన్యాయమైనదే కాదు, వృథా అయినది కూడా. పుండు లేదని వదిలేసిన స్త్రీ నుంచీ, ఎన్నడూ పరీక్షించని పురుషుడి నుంచీ కొన్ని జబ్బులు నిశ్శబ్దంగా సాగిపోతూనే ఉన్నాయి.

నరం కథకు వద్దాం. గత శతాబ్దం తొలినాళ్లలో అమెరికన్ మెదడు శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్, ముఖానికి స్పర్శనిచ్చే నాడి మూలం దగ్గర శస్త్రచికిత్స చేయించుకున్నవారికి ఆ తర్వాత మూతి పేలడం గమనించాడు. కత్తి పడింది లోపలి నాడి మీద, పొక్కు లేచింది పెదవి మీద. 1929లో ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్, ఈ వైరస్ నరం వెంట లోపలికి ప్రయాణించి, నాడీకణాల గుంపుల్లో నిద్రాణంగా ఉండిపోతుందేమోనని ఊహించాడు. 1930లో లండన్‌లో ఆండ్రూస్, కార్మైకేల్ ఒక వింత కనిపెట్టారు. మాటిమాటికీ మూతి పేలేవారి రక్తంలోనే ఆ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నాయి. మశూచి ఒకసారి వస్తే మళ్లీ రాదని నమ్మిన వైద్యలోకానికి ఇది మింగుడుపడలేదు. మెల్‌బోర్న్‌లో మాక్‌ఫార్లేన్ బర్నెట్ 1939లో దానికి అర్థం చెప్పాడు. మళ్లీ మళ్లీ వచ్చేది కొత్తగా అంటుకున్న జబ్బు కాదు, చిన్ననాడు సోకినదే. అది మనిషిని విడిచి పోలేదు, ఆ మనిషి ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

1962లో ష్నెవైస్ ఈ వైరస్‌ను రెండు రకాలుగా విడదీశాడు. 1971లో కాలిఫోర్నియాలో జాక్ స్టీవెన్స్, మార్జరీ కుక్ ఎలుకల వెన్ను పక్కన ఉండే నాడీకణాల గుంపుల్లో నిద్రిస్తున్న వైరస్‌ను పట్టుకున్నారు. ఆ వెంటనే మనుషుల్లోనూ అది దొరికింది. మూతిది చెవి ముందు భాగాన పుర్రె అడుగున ఉన్న నాడీకణాల గుంపులో ఉంటుంది. జననాంగాలది వెన్నెముక అడుగున త్రికాస్థి దగ్గరి గుంపుల్లో ఉంటుంది. మనిషి రోగనిరోధక శక్తి అక్కడి వైరస్‌ను పూర్తిగా తుడిచిపెట్టలేదు. మన మందులూ తుడిచిపెట్టలేవు.

ఇంతవరకు తెలిశాక కూడా వైద్యులం ఒక పొరపాటు చేశాం. వైరస్ లేచినప్పుడు పుండు లేస్తుంది, పుండు లేనప్పుడు వైరస్ నిద్రపోతుంది అనుకున్నాం. రోగులకూ అదే చెప్పాం. పుండు ఉన్నన్ని రోజులు దూరంగా ఉండండి, మానాక ఏ భయమూ లేదు అన్నాం. నేను కూడా ఆ మాట చెప్పి పంపినవారు ఎందరో ఉన్నారు. వారిని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

1982 ఆగస్టులో అమెరికాలో టైమ్ పత్రిక హెర్పిస్‌ను ముఖచిత్ర కథగా వేసింది. నేటి కాలపు కళంక చిహ్నమని దానికి పేరు పెట్టింది. అసైక్లోవిర్ లేపనానికి అక్కడ అనుమతి వచ్చింది కూడా ఆ ఏడే. మందూ నిందా ఒకే ఏట బజారుకెక్కాయి. ఆ మందు వెనకున్న గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ వచ్చింది. నిందకు విరుగుడు మాత్రం ఏ ప్రయోగశాల నుంచీ రాలేదు.

1986లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో, ఏ లక్షణమూ లేని భాగస్వామి నుంచి హెర్పిస్ సోకిన ఉదంతం అచ్చయింది. 1992లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా బలమైనది. ఒకరికి హెర్పిస్ ఉండి మరొకరికి లేని 144 జంటలను పరిశోధకులు సుమారు ఏడాది పాటు గమనించారు. 14 జంటల్లో జబ్బు రెండోవారికి సోకింది. వివరాలు పూర్తిగా దొరికిన 13 జంటల్లో 9 జంటలకు, ఆ స్పర్శ జరిగిన సమయంలో మొదటివారి ఒంటి మీద ఏ గుర్తూ లేదు. మిగతావారిలో కూడా పొక్కు ఇంకా సరిగా తేలకముందే, ఒక చిన్న దురదో మంటో మొదలైన గంటల్లోనే సోకింది. స్త్రీ నుంచి పురుషుడికి కన్నా పురుషుడి నుంచి స్త్రీకి సోకడం ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. మన వరండాల్లో తీర్పులు చెప్పే పెద్దలు ఈ చివరి వాక్యాన్ని గుర్తుంచుకోవాలి.

ఇది ఎలా సాధ్యం? సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లారెన్స్ కోరీ, ఆనా వాల్డ్, వారి సహచరులు ఏళ్ల తరబడి ఈ ప్రశ్న వెంట పడ్డారు. వారి పద్ధతి చాలా నిరాడంబరమైనది. హెర్పిస్ ఉన్నవారి చేతికి దూది పుల్లలు ఇచ్చారు. రోజూ ఇంట్లోనే, పుండు ఉన్నా లేకున్నా, తామే చర్మం మీద రాసి, సీసాలో పెట్టి పంపమన్నారు. ప్రయోగశాలలో పీసీఆర్‌తో వైరస్ ఉందా అని చూశారు. 2011లో 498 మంది లెక్కలు వెలువడ్డాయి. రెండో రకం వైరస్ ఉండి, ఎప్పుడో ఒకప్పుడు లక్షణాలు కనిపించినవారిలో 20.1 శాతం రోజుల్లో వైరస్ బయటపడింది. జీవితంలో ఒక్కసారి కూడా లక్షణం ఎరగని వారిలో సైతం 10.2 శాతం రోజుల్లో బయటపడింది.

ఈ శాతాలు రోగికి అర్థం కావు. నేను ఓపీలో తెల్లకాగితం మీద నిలువుకు పది, అడ్డానికి పది, మొత్తం నూరు గళ్లు గీస్తాను. ఒక్కో గడి ఒక్కో రోజు అంటాను. అందులో ఇష్టం వచ్చిన చోట పది గళ్లు పెన్సిల్‌తో నింపమని రోగి చేతికే ఇస్తాను. వరుసగా నింపేవారు ఎవరూ ఉండరు. ఒకటి ఇక్కడ, రెండు అక్కడ, మళ్లీ చాలా దూరంలో ఒకటి నింపుతారు. వైరస్ కూడా అలాగే చేస్తుంది. "ఇందులో ఇవాళ ఏ గడి?" అని అడిగితే వారే తల ఊపి, కాగితం పక్కన పెట్టేస్తారు.

ఆ గడి కూడా రోజంతా నిండి ఉండదు. రోజుకు నాలుగుసార్లు నమూనా తీసి చూస్తే, వైరస్ బయటికి వచ్చిన సందర్భాల్లో సగానికి దగ్గరగా 12 గంటల్లోపే ముగిసిపోయాయి. నాలుగింట ఒక వంతు 6 గంటలు కూడా నిలవలేదు. త్రికాస్థి దగ్గరి నాడీకణంలో వైరస్ మేలుకుని, నరం వెంట దిగి, చర్మం పైపొరకు చేరుతుంది. అక్కడ మన రోగనిరోధక కణాలు కాపలా కాస్తుంటాయి. పుండు మానిన చోట, నరం కొస దగ్గరే, వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు నెలల తరబడి తిష్ఠ వేసి ఉంటాయని 2007లో తేలింది. అవి పరుగున వచ్చి అణిచేస్తాయి. అంత త్వరగా అణిస్తే పుండు పడేంత వ్యవధి ఉండదు. కానీ ఆ కొద్ది గంటల్లోనే చర్మం మీద రాలిన వైరస్ మరొకరికి చేరడానికి చాలినంత ఉంటుంది. అది గతంలో పుండు లేచిన చోటే రాలాలన్న నియమమూ లేదు. ఆ నరాలు విస్తరించిన మేరలో, తొడల పైభాగం నుంచి పిరుదుల దాకా ఎక్కడైనా రాలవచ్చు. కాపలా గట్టిగా ఉన్న మనిషికి పుండు రాదు, ఆ మనిషి నుంచి పక్క మనిషికి జబ్బు పోతుంది. తనకు జబ్బు ఉన్నట్టే తెలియనివాడు అబద్ధమాడుతున్నట్టా? ఈ ప్రశ్న వేసుకోకుండా ఎవరినీ మోసగాడని అనకూడదు.

ఇంకొక సంగతి నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. 2000లో వాల్డ్ బృందం, రక్తపరీక్షలో రెండో రకం తేలినా ఎన్నడూ జబ్బు ఎరగమన్న 53 మందిని గమనించింది. ఏ గుర్తులు చూసుకోవాలో వారికి నేర్పించింది. తర్వాత వారిలో 62 శాతం మంది తమకు పుండ్లు వస్తున్నాయని తామే గుర్తించారు. అంతకుముందు వాటిని ఏమనుకున్నారు? మన దగ్గరైతే వేడి చేసిందనుకుంటారు, లోదుస్తులు ఒరిశాయనుకుంటారు, బ్లేడు గీసుకుందనుకుంటారు, ఏదో పురుగు పాకిందనుకుంటారు. కాబట్టి లక్షణాలు లేనివారిలో కొందరు నిజంగా లేనివారు, మరికొందరు గుర్తుపట్టనివారు. అమెరికాలో రెండో రకం సోకినవారిలో సుమారు 87 శాతం మందికి ఏ వైద్యుడూ ఆ జబ్బు పేరు చెప్పి ఉండలేదని అక్కడి సర్వేలు తేల్చాయి. ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్ల వారిలో సుమారు 52 కోట్ల మందికి రెండో రకం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020కి వేసిన అంచనా. మొదటి రకం 50 ఏళ్లలోపు వారిలో 380 కోట్ల మందికి ఉంది. మనుషుల్లో సగానికి పైగా మోస్తున్నదాన్ని ఒకరిద్దరి కళంకంగా ఎలా చూపగలం?

2020లో కరోనా వచ్చినప్పుడు, దగ్గు లేనివాడు కూడా అంటిస్తాడన్న మాట మన పల్లెలకు నెలల్లో చేరింది. తాతగారికి తన నుంచి సోకిందేమోనని కుమిలిన మనవడిని ఎవరూ దోషి అనలేదు. అదే జ్ఞానం నడుము కింది జబ్బుకు వర్తించదా?

నింద ఎక్కడెక్కడ స్థిరపడిందో చూద్దాం. మొదటిది ప్రయోగశాల కాగితం. గర్భం నిలవని ఆడపిల్లలకు టార్చ్ పరీక్ష అనే జాబితా రాయడం మనవైపు అలవాటైపోయింది. అందులో హెర్పిస్ ఐజీఎమ్ అనే యాంటీబాడీ పరీక్ష ఒకటి. అది పాజిటివ్ అని రాగానే కొత్తగా సోకిందని చదివేవారున్నారు. ఆ పరీక్ష ఆ సంగతి చెప్పలేదు. పాత జబ్బు తిరగబెట్టినా ఐజీఎమ్ కనిపించవచ్చు, ఏ జబ్బూ లేకున్నా తప్పుగా పాజిటివ్ రావచ్చు. ఒకచోట ఇలాంటి ఒక్క కాగితం ముక్క పట్టుకుని కోడల్ని పుట్టింటికి పంపేసిన కేసు నా ముందుకే వచ్చింది. రకాన్ని వేరుచేసే ఐజీజీ పరీక్ష కొంత మేలు. అదైనా ఎప్పుడో సోకిందని మాత్రమే చెబుతుంది. ఎప్పుడో, ఎవరి వల్లో చెప్పదు. అందులోనూ తక్కువ విలువ పాజిటివ్‌లు చాలాసార్లు తప్పవుతాయి. లక్షణాలు లేనివారందరికీ ఈ పరీక్ష చేయవద్దని అమెరికా నిపుణుల సంఘాలు చెబుతున్నది అందుకే.

రెండోది చట్టం. 1955 నాటి హిందూ వివాహ చట్టం విడాకులకు ఒప్పుకునే కారణాల్లో, అంటుకునే స్థితిలో ఉన్న సుఖవ్యాధి ఒకటి. అదే జాబితాలోని కుష్ఠును 2019లో పార్లమెంటు తీసేసింది. కుష్ఠు గురించి శాస్త్రం చెప్పినది చట్టం విన్నది. సుఖవ్యాధి మాత్రం అలాగే ఉంది. హెర్పిస్‌లో అంటుకునే స్థితి ఏది? నూరు గళ్లలో ఏ గడి? ఈ సభలో న్యాయవాదులున్నారు. ఆ ప్రశ్నను వారికే వదులుతున్నాను.

మూడోది మన సొంత వైద్య వ్యవస్థ. దీని గురించి గౌరవంగానే మాట్లాడాలి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే సురక్షా క్లినిక్‌లలో లక్షణాలను బట్టి రంగు రంగుల కిట్లలో మందులు ఉచితంగా ఇస్తారు. హెర్పిస్ పుండుకు ఎర్ర కిట్టు. అందులో అసైక్లోవిర్ వారం రోజులకు సరిపడా ఉంటుంది. ప్రయోగశాల లేని చోట, బస్సు ఛార్జీ అప్పు చేసి వచ్చిన రోగికి ఒక్క రాకలోనే మందు దొరకడం చిన్న మేలు కాదు. అయితే పుండు కనిపిస్తేనే ఆ కిట్టు తెరుచుకుంటుంది. పుండు లేకుండానే వైరస్‌ను అందించగల మనిషికి కిట్టు అక్కర్లేదు, మాట కావాలి. ఆ మాట చెప్పే కౌన్సెలర్‌కు మనం ఎంత సమయం ఇస్తున్నాం?

ఎందుకంటే మాటకు మందంత బలం ఉంది. 2006లో అచ్చయిన సియాటిల్ అధ్యయనంలో, తనకు హెర్పిస్ ఉందని భాగస్వామి ముందే చెప్పినవారికి జబ్బు సోకడానికి మధ్యస్థంగా 270 రోజులు పట్టింది. చెప్పనిచోట 60 రోజుల్లోనే సోకింది. మందూ లేదు, యంత్రమూ లేదు, నోరు విప్పడమే తేడా. తనకు ఉందని చెప్పిన భార్యను గెంటేసే ఇంట్లో ఏ స్త్రీ నోరు విప్పుతుంది? మగవాడైనా విప్పుతాడా? నింద జబ్బును ఆపదు. నోరు మూయించి, జబ్బుకు దారి చేస్తుంది.

మందుకూ చోటుంది. 2004లో 1484 జంటల మీద జరిగిన పరీక్షలో, జబ్బున్నవారు రోజూ 500 మిల్లీగ్రాముల వాలసైక్లోవిర్ వేసుకుంటే భాగస్వామికి సోకే ప్రమాదం సుమారు సగానికి తగ్గింది. కండోమ్ ప్రతిసారీ వాడేవారిలో సోకడం దాదాపు 30 శాతం తక్కువని పలు అధ్యయనాల ఉమ్మడి లెక్క చెప్పింది. చర్మం మొత్తాన్ని అది కప్పదు గనుక పూర్తి రక్షణ కాదు. వీటిలో ఏదీ సంపూర్ణం కాదు, ఏదీ వ్యర్థమూ కాదు. టీకా ఇంకా రాలేదు. 2012లో ఫలితాలు వెలువడిన పెద్ద ప్రయత్నం రెండో రకాన్ని ఆపలేకపోయింది.

ప్రసూతి వార్డు నర్సులు ఇక్కడున్నారు గనుక ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పుట్టే బిడ్డకు హెర్పిస్ సోకడం అరుదు. సోకితే ప్రాణం మీదికి వస్తుంది. ఎప్పటి నుంచో హెర్పిస్ ఉన్న తల్లి నుంచి బిడ్డకు ప్రమాదం బాగా తక్కువ. ఆమె యాంటీబాడీలు బిడ్డను కాస్తాయి. నెలలు నిండేవేళ కొత్తగా సోకిన తల్లి బిడ్డకే ముప్పు ఎక్కువ. ఆమెకు ఎవరి నుంచి సోకుతుంది? చాలాసార్లు, తనకేమీ లేదనుకునే భర్త నుంచి. కనుక గర్భిణిని అడిగే ప్రశ్నలు భర్తనూ అడగాలి. మీకు ఎప్పుడైనా మూతి పేలిందా, కింద పొక్కులు వచ్చాయా అని. నిందించేందుకు కాదు, చివరి నెలల్లో జాగ్రత్త చెప్పేందుకు. హెర్పిస్ ఉన్న తల్లికి 36వ వారం నుంచి అసైక్లోవిర్ ఇస్తే ప్రసవ సమయానికి పుండ్లు లేచే అవకాశం బాగా తగ్గుతుంది.

ఆ యువతి తర్వాత మా ఓపీకి మూడుసార్లు వచ్చింది. రెండోసారి భర్తతో, మూడోసారి చంకలో బిడ్డతో. కులపెద్దలు ఆ చీటీ చదివారో లేదో, చదివి ఒప్పుకున్నారో లేదో నేను అడగలేదు. ఆచార్యులవారు పదవీ విరమణ చేసే రోజు దాకా ఆయన గదిలో రెండు కుర్చీలు ఉండేవి. తర్వాత ఆ గదిలోకి నేను వెళ్లినప్పుడు ఒకటే మిగిలింది. రెండోదాన్ని స్టోర్ నుంచి అడిగి తెచ్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఇక్కడున్న యువ వైద్యులకు నా విన్నపం ఇది. రేపు మీ ఓపీలో ఒక జంట నిలబడి, ఇది ఎవరి నుంచి వచ్చిందని అడుగుతుంది. తెలియదని చెప్పండి. గట్టిగా, బయట వరండాలోకి వినిపించేలా చెప్పండి. కావాలంటే కాగితం మీద తెలుగులో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. గదిలో ఒకటే కుర్చీ ఉంటే, ముందు రెండోది తెప్పించండి.